తప్పు మాటల చిట్టా

మా అక్కయ్య పనిచేసే రక్తపరీక్షల కేంద్రంలో సిబ్బంది ప్రతి ఉదయం ఐదు తలుపులు తెరవవలసి వచ్చేది. అవి గోడకు బిగించిన తలుపులు కావు, కంప్యూటరులోనివి. పరీక్షకు వచ్చినవారి వివరాలు ఎక్కించే సాఫ్ట్‌వేరు ఒకటి, యంత్రాలు తేల్చిన ఫలితాలను చేర్చేది మరొకటి, రిపోర్టులు పంపేది ఇంకొకటి. సూదులూ గాజునాళికలూ ఎన్ని మిగిలాయో చూసేది వేరు, సిబ్బంది హాజరు వేసేది వేరు. ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సంస్థ అమ్మిపోయినది కనుక ఒకదాని పొడ మరొకదానికి గిట్టదు. ఐదింటికీ ఐదు పాస్‌వర్డులు, అవి మూడు నెలలకొకసారి మారాలి. సిబ్బంది ఇరవైముగ్గురు. వెరసి నూటపదిహేను మాటలు.

ఆ నూటపదిహేను మాటలూ మా అక్కయ్య కంఠస్థం.

ఎప్పుడో ఒక కుర్ర ఉద్యోగి తన పాస్‌వర్డును కాగితం మీద రాసి తెరకు అంటించాడట. కేంద్రం నడిపే డాక్టరమ్మగారు దానిని చూసి ఆ పూటంతా ఉగ్రరూపం దాల్చారు. ఆనాటి నుంచి అక్కడ ఎవరూ ఏదీ రాసుకోలేదు, ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనూ లేదు. అందరూ తమ మాటలను తెచ్చి, రికార్డుల విభాగాన్ని చూసే అక్కయ్యకు అప్పగించారు. క్రమంగా ఆ మాటలు ఎంచడం కూడా ఆమె పనే అయింది. గుమ్మం పైదూలానికి తల కొట్టుకొనే పొడుగాటి టెక్నీషియనుకు 'దూలం' అని పెట్టింది. అతనిని అందరూ నిచ్చెన అనే పిలిచేవారు. పొద్దున్నే నిద్రమొహంతో వచ్చే గుమాస్తాకు 'ఆవలింత'. డాక్టరమ్మగారికి 'మంచుగడ్డ'. అది విని డాక్టరమ్మగారు కూడా నవ్వారని చెప్పుకొంటారు. ఎవరైనా మరచిపోతే అక్కయ్య బల్ల దగ్గరకు వచ్చేవారు.

"అక్కయ్యగారూ, నా రెండోది ఏంటండీ?"

"చెవి ఇటు తే."

వంగి చెవి అప్పగిస్తే మాట అందులో వేసేది. పక్కవారికి పెదవుల కదలిక కూడా కనపడేది కాదు.

నా వృత్తిధర్మం ప్రకారం అది మహాపరాధం. ఒకరి పాస్‌వర్డు మరొకరికి తెలియడమే నేరమైతే, ఇరవైముగ్గురివి ఒకరికి తెలియడాన్ని ఏమనాలి? వ్యాపార సంస్థలలో సింగిల్ సైన్-ఆన్ అనే ఏర్పాటు చేయడం నా పని. దానిని ఇలా చెప్పవచ్చు. మనిషి ఉదయాన ఒక్కచోట తాను తానేనని రుజువు చేసుకొంటాడు. ఆ ఒక్క చోటే మిగిలిన తలుపులన్నిటికీ అతని తరఫున సాక్ష్యం పలుకుతుంది. ఇక ఎక్కడా మళ్లీ అడగరు. కాని ఆ మొదటి రుజువు మాత్రం, తమ ఫోనుకు వచ్చిన నంబరు కొట్టి, ఎవరిది వారే ఇవ్వాలి. ఒకరి పేరుతో మరొకరు లోపలికి పోరాదు, ఒకరికి బదులుగా మరొకరు నిలబడరాదు.

కేంద్రంవారు మా సంస్థకు ఈ పని అప్పగించినప్పుడు నేనే కోరి వచ్చాను. అక్కయ్య ఇల్లు మా ఇంటికి రెండు వీధుల దూరమే అయినా, నెలకొక ఆదివారం కంటే ఎక్కువగా చూసింది లేదు. పదిహేను రోజులు ఆమె పక్కనే కూర్చోవచ్చని ముచ్చటపడ్డాను.

మొదటిరోజు నన్ను చూడగానే అందరి ఎదుటా అన్నది.

"ఏరా పిచ్చుకా, నా నోట్లో ఉన్న తాళంచెవులన్నీ ఊడబెరకడానికి వచ్చావా?"

యాభైరెండేళ్లవాడిని, కుర్చీ చేతులు ఒరుసుకొనే దేహం నాది. పిచ్చుక అనే పిలుపు విని గది గదంతా ఘొల్లుమంది.

"నెలలు నిండకుండా పుట్టాడమ్మా," అన్నది అక్కయ్య తీరిగ్గా. "అరచేతిలో పట్టేవాడు. ఇప్పుడు నలుగురు పట్టాలి."

అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కయ్యకు పద్నాలుగు. నాన్న మిల్లులో పనికి పోయేవాడు. అక్కయ్య నీళ్లకు పోతూ, లోపల గడియ పెట్టుకోమని నాకు చెప్పేది. తిరిగి వచ్చేసరికి ఆమె రెండు చేతులకూ రెండు బిందెలు. తలుపు తట్టడానికి చేయి ఖాళీ ఉండేది కాదు. బయట నిలబడి "పిచ్చుకా!" అని కేకవేసేది. నేను పీట ఎక్కి, ఉబ్బి బిగుసుకుపోయిన గడియను రెండు చేతులతో లాగేవాణ్ని. రెండో పిలుపు దాకా వచ్చిందంటే, తలుపు తీసి ఆమె బిందెలు దించిన మరుక్షణం నా ఎడమ చెవి మెలిపడేది. ఇప్పటికీ నాకు ఆ చెవి కొంచెం పెద్దదేనని మా ఆవిడ అంటుంది.

*

కొత్త ఏర్పాటుకు ముందు పాత లెక్క సరిచూడాలి. ఏ పేరుతో ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు లోపలికి వచ్చారో, వివరాలు ఎక్కించే పాత సాఫ్ట్‌వేరు ఒక చిట్టా రాసి ఉంచుతుంది. దాన్ని బట్టి ఒక్కొక్క పాత పేరుకు ఒక్కొక్క మనిషిని జతపరచాలి. మూడవ రోజు పొద్దున ఆ పనిలో కూర్చున్నాను.

ఇరవైరెండు పేర్లు సాఫీగా కుదిరాయి. ఇరవైమూడవది అక్కయ్యది.

ఎనిమిది నెలల క్రితం ఒకరోజు ఆమె పాస్‌వర్డు రెండుసార్లు తప్పింది. అది ఎవరికైనా జరిగేదే. మరుసటి వారం ఐదుసార్లు. తరువాతి నెలలో రోజూ. ఈ నెలలో ఒక్కొక్క ఉదయం పందొమ్మిది, ఇరవైనాలుగు, ముప్పైఒకటి. మూడుసార్లు తప్పితే తలుపు మూసివేయాలన్న తెలివి ఆ పాత సాఫ్ట్‌వేరుకు లేదు. ఎన్నిసార్లు కొట్టినా ఓపికగా కాదంటూనే ఉంటుంది. అలా కాదు కాదని, చివరకు ఎనిమిది గంటల నలభై నిమిషాలకు ఒక్క దెబ్బతో తలుపు తెరుచుకొనేది. ప్రతిరోజూ అంతే.

ఆ సాఫ్ట్‌వేరు చేసినవాళ్లు మరొక ఘోరమైన పొరపాటు చేసి వదిలేశారు. తప్పిన మాట ఏమిటో కూడా, ఉన్నది ఉన్నట్టు చిట్టాలో రాయించారు. తయారీలో పరీక్షించుకోవడానికి పెట్టుకొని, తీయడం మరచి ఉంటారు. అలాంటిది కనపడితే కళ్లు మూసుకొని నాశనం చేయాలి. అది మా నియమం.

నేను కళ్లు మూసుకోలేదు.

మొదట్లో అన్నీ ఆమె పాత పాస్‌వర్డులు. నిరుటివి, అంతకు ముందటివి, వెనక్కు వెనక్కు. తరువాత 'దూలం'. తరువాత 'ఆవలింత', 'మంచుగడ్డ'. తన తాళానికి పరుల తాళంచెవులన్నీ ఒక్కొక్కటిగా వేసి చూసింది. ఆ మీద అవీ అయిపోయాయి. మేము పుట్టి పెరిగిన ఇంటి నంబరు. ఆమె బడి పేరు. నాన్న మిల్లు పేరు. అమ్మ పేరు, ఒకసారి సరిగా, ఒకసారి ఒక అక్షరం తక్కువగా. దీపం పట్టుకోకుండా చీకటి కొట్టులో చేయి చాచి తడుముకొంటున్న మనిషి అడుగుల సవ్వడి నాకు ఆ అక్షరాలలో వినిపించింది.

ప్రతి ఉదయం వరుసలో చివరి మాట మాత్రం ఒక్కటే. 'పిచ్చుక'. ఎప్పుడో నా పేరు పెట్టుకొని ఉంటుంది, అది గుర్తుకొస్తున్నది కాబోలు అనుకొన్నాను. దాని తరువాత కొద్ది నిమిషాలకు తలుపు తెరుచుకొనేది.

మరునాడు ఎనిమిదిన్నరకే వెళ్లి అద్దపు గోడ ఇవతల కూర్చున్నాను. అక్కయ్య మీటల మీద వేళ్లు పెడుతున్నది, తీస్తున్నది. ముఖాన ఏ తొందరా లేదు. ఎనిమిది నలభైకి నిచ్చెన రక్తం నింపిన గాజునాళికల పెట్టె పట్టుకొని, ఏదో అడగడానికి వచ్చినవాడిలా ఆమె బల్ల మీదికి వంగాడు. మాట్లాడుతూనే ఎడమ చేత్తో ఏవో ఆరేడు మీటలు నొక్కాడు. తెర వెలిగింది.

*

మెట్ల దగ్గర కాఫీ యంత్రం ఉంది. అతన్ని అక్కడ పట్టుకొన్నాను.

"ఎన్నాళ్లనించి?"

అతను తెలియనట్టు నటించలేదు. చేతిలో కప్పు చుట్టూ వేలు తిప్పుతూ నిలబడ్డాడు.

"ఎనిమిది నెలలైందండి."

"నీకెలా తెలుసు ఆమె పాస్‌వర్డు?"

"ఆవిడే చెప్పారు సార్. ఒకరోజు పిలిచి, 'ఒరే నిచ్చెనా, చెవి ఇటు తే' అన్నారు. నాదేదో మర్చిపోయానేమో, గుర్తుచేస్తారనుకున్నా. తనదే చెప్పారు. 'ఇది నీ దగ్గర దాచు, రేపు నేను అడుగుతాను' అన్నారు. మర్నాడు అడగలేదు. అడగాలన్న సంగతే..."

"మరి మిగతావాళ్లవి? ఇంకా ఆమెనే అడుగుతున్నారుగా?"

"ఎవరైనా వస్తే ఆవిడ నా వంక చూస్తారు. నేను దగ్గుతా. ఆవిడ 'కొంచెంసేపాగి రా' అంటారు. ఈలోగా నేను వెళ్లి వాళ్ల చెవిలో వేస్తా. అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నా సార్. రాయకూడదని తెలుసు. నా బుర్ర అంత గొప్పది కాదుగా. దేవుడు నిన్ను పొడుగు చేస్తూ చేస్తూ పైదాకా మట్టి చాలక వదిలేశాడురా అని ఆవిడే అనేవారు." నవ్వబోయాడు, కుదరలేదు. "నాకు సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే సార్. మొదటి సూది తన చేతికే పొడిపించుకున్నారు. మూడుసార్లు తప్పాను. 'ఇంకోటి పొడు, నాకేం కొరత, రక్తం బోలెడుంది' అన్నారు."

"డాక్టరమ్మగారికి తెలుసా?"

"ఎవరికీ తెలీదండి." గొంతు తగ్గించాడు. "మీకొకటి చెప్పాలి. ఫిబ్రవరిలో ఇద్దరొచ్చారు, ఒకే ఈడువాళ్లు, ఒకరి వెనక ఒకరు. ఒకరి లేబులు ఇంకొకరి ట్యూబుకి అంటించారు అక్కయ్యగారు. వాళ్లలో ఒకాయన నెలనెలా వచ్చే మనిషి, చక్కెర ఎప్పుడూ హద్దు దాటే ఉంటుంది. ఆ రోజు చూస్తే పసిపిల్లాడి రక్తంలా ఉంది. అనుమానమొచ్చి ఇద్దర్నీ మళ్లీ పిలిపించి తీశాను. ఆవిడ పేరుతోనే దిద్దేశాను. రెండోవాడికి ఆ రిపోర్టు వెళ్లుంటే, లేని జబ్బుకి మందు మింగేవాడు సార్."

"తరువాత?"

"తరవాత నేను ఒక్కరోజు సెలవు పెట్టలేదు. మా ఇంట్లోది, ల్యాబుని పెళ్లి చేసుకున్నావా నన్నా అని దెప్పుతోంది. జ్వరమొచ్చినా వచ్చాను. నేను రానిరోజు ఆ లేబులు ఎవరు చూస్తారు?" తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. "సోమవారం మీ కొత్తది వస్తే, నేను ఆవిడ పేరుతో వెళ్లలేను కదా?"

"వెళ్లలేవు."

"నంబరు ఆవిడ ఫోనుకే వస్తుందా?"

"అవును."

"అయితే దొరికిపోతారు," అన్నాడు. మీరు పట్టించేస్తున్నారు అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

*

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మగారు పిలిపించారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకొని, యంత్రం విడిచిన కాగితం ఒకటి చూస్తూ మాట్లాడారు.

"ఇంజనీరుగారూ, పాస్‌వర్డులు ఎక్కువ తప్పేవాళ్ల జాబితా ఒకటివ్వండి. సోమవారానికి ముందే వాళ్లని కూర్చోబెట్టి నేర్పిద్దాం."

"రెండురోజుల్లో ఇస్తానండి."

"మీ అక్కయ్యకైతే అక్కర్లేదు లెండి," అని ఆమె నవ్వారు. "ఆవిడకి మన సాఫ్ట్‌వేరు కంటే ఎక్కువ జ్ఞాపకం."

నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను క్షమించుకోలేదు.

ఆ రెండు రోజులూ నా మనస్సు ధర్మసంకటంలో పడి నలిగింది. చెబితే, ముప్పైనాలుగేళ్లు నిలబెట్టుకొన్న ఆమె మర్యాద ఒక్క కాగితంతో మంటగలుస్తుంది. దాచితే, ఎవరిదో రక్తం ఎవరి పేరునో పోతుంది. సత్యం పలకడమే ధర్మమని పసితనంలో నాకు చదివి వినిపించినది ఆమే. ఆ సత్యం ఆమె మీదనే పలకవలసి వస్తుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు. చివరకు ఏ వైపూ పోలేనివాడు చేసే పనే నేనూ చేశాను. మధ్యదారి ఒకటి కల్పించుకొని, అదే న్యాయమని నన్ను నేను నమ్మించుకొన్నాను. డాక్టరమ్మగారికి ఇచ్చిన జాబితాలో ఆమె పేరు రాయలేదు. పాస్‌వర్డు బదులు వేలిముద్రతో తలుపు తెరిచే చిన్న పరికరం ఉంది. ఆమె బల్లకు ఒకటి బిగిస్తే చాలు. మాట గుర్తుండనక్కరలేదు. వేలు ఎక్కడికీ పోదు కదా!

శనివారం సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాను. ఒక గది, ఒక వంటగది. అన్నీ ఎక్కడివక్కడ సర్ది ఉన్నాయి. అది చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

"వేలు పెడితే చాలు అక్కయ్యా. పాస్‌వర్డు పని లేదు."

"వేలు పెట్టడం నాకు చిన్నప్పటినించీ అలవాటే కదరా," అన్నది. "ప్రతి దాంట్లోనూ పెట్టేదాన్ని."

ఇద్దరం నవ్వుకొన్నాం. టీ ఇచ్చింది. కొద్దిసేపటికి లేచి వెళ్లి, మళ్లీ టీ పెట్టి తెచ్చి ఇచ్చింది. నేను మొదటి కప్పును కుర్చీ కింద దాచి, రెండోది తాగాను.

ఆమె కిందికి చూసింది. ఆ కప్పును చూసింది.

*

సోమవారం ఉదయం అందరినీ వరుసగా పిలిచి కొత్త ఏర్పాటులో చేర్పించాను. ఫోనుకు నంబరు రావడం, అది కొట్టడం, ఐదు తలుపులూ ఒక్కసారి తెరుచుకోవడం. ఆవలింత గుమాస్తా చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు. నిచ్చెన తన వంతు కానిచ్చి, పోకుండా గోడ పక్కనే నిలబడ్డాడు. డాక్టరమ్మగారు కూడా వచ్చారు.

చివర అక్కయ్య.

వేలు పెట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి మందునీళ్లతో కడిగి కడిగి వేలికొన నున్నబడిపోయింది. మళ్లీ పెట్టింది, కాదన్నది. ఆమె ముఖంలోకి ఆ ఎనిమిది నెలల ఉదయాలు వచ్చి నిలిచాయి. నేను ఆమె చేయి తీసుకొని, వేలి మీద నోటితో వెచ్చగా ఊది, పరికరం మీద ఆనించాను. ఆకుపచ్చ దీపం వెలిగింది. తెర మీద ఐదు కిటికీలూ ఒకదాని పక్కన ఒకటి విచ్చుకొన్నాయి. పైన ఆమె పూర్తి పేరు.

"భలే అక్కయ్యగారూ!" అన్నాడు నిచ్చెన.

పరీక్షకు వచ్చిన మొదటి వ్యక్తి అప్పటికే ఎదురుగా వచ్చి నిలబడి ఉన్నాడు. చొక్కా చేయి పైకి మడిచి, పేరూ వయస్సూ చెప్పాడు. అక్కయ్య తెర వంక చూసింది. ఐదు కిటికీలనూ, ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్కటిగా చూసింది. ఆయన మళ్లీ చెప్పాడు. ఆమె వేళ్లు బల్ల అంచు మీదనే ఉన్నాయి.

నా వైపు తిరిగి, ఎవరికీ వినపడకూడదన్నంత మెల్లగా అడిగింది.

"తలుపు తీశావు సరే పిచ్చుకా. లోపలికి ఎందుకొచ్చానో అది కూడా చెప్పు."

నిచ్చెన దగ్గుతూ ముందుకు వచ్చాడు. అక్కయ్య చేయి ఎత్తి అతన్ని ఆపింది.

"వద్దురా. ఇంక దగ్గకు." లేచి నిలబడింది. "డాక్టరమ్మా, నన్ను ఈ పనిలోంచి తీసెయ్యండి. ఆమధ్య ఇద్దరి ట్యూబులు తారుమారు చేశాను. వీడు దిద్దాడు. దిద్దిన రోజు నాకు తెలుసు, తెలీనట్టు ఊరుకున్నాను. వీడు దాచాడు, నేను దాచాను, ఇప్పుడు నా తమ్ముడు కూడా దాస్తున్నాడు. ఇంతమందిమి కలిసి దాస్తే ఆ వచ్చిన మనిషి ఏమైపోవాలి?"

డాక్టరమ్మగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకొన్నారు.

"పని వద్దు అక్కయ్యా. రోజూ ఊరికే వచ్చి కూర్చోండి. మీరు ఉంటే చాలు."

"ఊరికే కూర్చోవడం నాకు చేతకాదమ్మా," అన్నది అక్కయ్య. "ఎవరూ నేర్పలేదు."

*

ఆనాడే ఆమె పేరు మూసివేశాను. సిబ్బందిలో అందరికంటే చివర తెరిచి, అందరికంటే ముందు మూసిన పేరు అదే.

ఒక్క పని మిగిలింది. పాత చిట్టాను నాశనం చేసేటప్పుడు రికార్డుల అధికారి సాక్షిగా సంతకం పెట్టాలని నియమం. ఆ సాయంత్రం దాకా ఆ అధికారి అక్కయ్యే. ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, తెర మీద ఉన్నది ఏమిటో దాచకుండా చెప్పాను.

"నేను తప్పు కొట్టినవన్నీ ఇందులో ఉన్నాయా?"

"ఉన్నాయి."

"చూడనీ."

వేలితో ఒక్కొక్క వరుసా చూపుతూ చదివింది. ఆశ్చర్యం, ఆమె ఏదీ మరచిపోలేదు.

"ఇది దూలం, నిచ్చెనది. ఆవలింత. ఇదిగో మంచుగడ్డ. ఇది మనింటి నంబరు, గేటు మీద తెల్లరంగుతో నాన్న రాశాడు, ఎనిమిది పెద్దదైపోయిందని మళ్లీ చెరిపి రాశాడు. ఇది అమ్మ." అక్కడ వేలు కొంచెంసేపు నిలిచింది. "అన్నీ తప్పులేనా?"

"ఈ తలుపుకు తప్పులు."

"ఊఁ." వరుస చివరకు వచ్చింది.

"ఇది నా పేరు," అన్నాను. "ఎప్పుడో పెట్టుకున్న పాత పాస్‌వర్డేమో అనుకున్నాను."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇది పాస్‌వర్డు కాదురా. నీ పేరు నేనెప్పుడూ పెట్టుకోలేదు, అందరికీ తెలిసిన మాట పెట్టుకుంటామా ఎవరైనా? ఏదీ పట్టనప్పుడు నిన్ను పిలిచేదాన్ని. రెండు చేతుల్లోనూ బరువున్నట్టుండేది. లోపల ఎవరో ఉన్నట్టే ఉండేది." నా ముఖం చూసి, నన్ను ఓదార్చడానికి కాబోలు, త్వరత్వరగా అన్నది. "నీకు వినపడి ఉండదులే. పనిలో ఉండి ఉంటావు."

చిట్టాలో ఉన్నవి నూటతొంభైఒక్క ఉదయాలు. రెండు వీధుల దూరం. నేను ఆ సమయానికి ఎక్కడో ఏదో సంస్థలో, మనుషులు తాము తామేనని రుజువు చేసుకొనే మార్గాలు బిగిస్తూ ఉన్నాను.

ఒకసారి నాశనం చేస్తే తిరిగి రాదు, నిశ్చయమేనా అని యంత్రం అడిగింది. నిశ్చయమేనని నొక్కాను. వరుసలన్నీ పోయాయి. అక్కయ్య కాగితం మీద సంతకం చేసింది. ముప్పైనాలుగేళ్ల సంతకం, ఒక్క గీత కూడా తొణకలేదు.

*

ఇప్పుడు ఆమె మా ఇంట, ముందుగదిలో ఉంటున్నది. ఆదివారాలు నిచ్చెన వస్తాడు, గుమ్మం దగ్గర తల వంచి. వాడిప్పుడు సెలవులు పెడుతున్నాడు. డాక్టరమ్మగారు రెండుసార్లు వచ్చి వెళ్లారు. వైద్యం నడుస్తున్నది. ఆపైన భగవంతుడి దయ.

ఆమె గది తలుపుకు గడియ తీయించాను. తోస్తే తెరుచుకొంటుంది. అయినా అక్కయ్య దాని ముందు నిలబడి, రెండు చేతులూ కిందికి బిగించి పట్టుకొని, "పిచ్చుకా!" అని కేక వేస్తుంది. నేను ఇంట ఉంటే రెండో పిలుపు దాకా రానివ్వను. లేనప్పుడు మా ఆవిడ తీస్తుంది. కాని అక్కయ్య లోపలే నిలబడి, పిచ్చుక ఏడి అని అడుగుతుందట.

ఈ మధ్య నేను తీసినా అడుగుతున్నది.

"ఎవరు బాబూ మీరు? తలుపు మా తమ్ముడు కదా తీయాలి."

ఇరవైఐదేళ్లుగా మనుషులను గుర్తుపట్టే ఏర్పాట్లు చేసినవాడిని. ఆమె ముందు నేను నేనేనని చెప్పుకోవడానికి నా దగ్గర ఒక మాట లేదు, నంబరు లేదు. వంగి, ఎడమ చెవి ఆమె చేతికి అందేలా పెడతాను. అలాగే నిలబడి ఉంటాను.

కొన్ని రోజులు ఆమె చేయి పైకి లేస్తుంది. కొన్ని రోజులు లేవదు.